ఒకసారే నొక్కండి

సోమవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు దానయ్య మాస్టారు ఫ్లాస్కు మూతలో టీ వంపుకుంటున్నారు. అప్పుడే ధనుంజయ వచ్చి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, కూర్చోకుండానే అడిగాడు.

"అడగడం చేతకాని వాళ్లకి జవాబు చెప్పాల్సిన అవసరం మనకేంటి మాస్టారూ?"

"అడగడం చేతకాని వాళ్లకి జవాబు చెప్పాల్సిన అవసరం మనకేంటి," అన్నారు మాస్టారు.

ఇది ఎగతాళి కాదు, ఆయన అలవాటు. ఎవరు ఏమడిగినా ముందు ఆ మాటల్నే తిరిగి అంటారు. జవాబు ఆ తర్వాత వస్తుంది. ఆయన ఇరవై ఆరేళ్లు రైల్వే సిగ్నళ్ల విభాగంలో పనిచేశారు. పాత లైన్లలో ఒక స్టేషన్ వాళ్లు గంట కొడితే అవతలి స్టేషన్ వాళ్లు అన్ని దెబ్బలే తిరిగి కొట్టాలి. అలా కొడితేనే కబురు అందినట్టు. అందినట్టు తెలిసేదాకా బండి కదలదు. ఆ ఉద్యోగం వదిలి, వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ఉద్దానంలో రైలు కట్ట పక్కనున్న చిన్న పట్నంలో జీడిపప్పు దుకాణం మీది అంతస్తులో ఇన్‌స్టిట్యూట్ పెట్టి పదకొండేళ్లయింది. గంటలు పోయాయి గాని అలవాటు పోలేదు. విద్యార్థులు ఆయన లేనప్పుడు దాన్ని అనుకరించి నవ్వుకుంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

ధనుంజయకు ఇరవై నాలుగేళ్లు. కోర్సు పూర్తయ్యాక కూడా అక్కడే ఉండిపోయి, కొత్తగా చేరినవాళ్ల సందేహాలు తీరుస్తున్నాడు. దానికో వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో నూట నలభై మంది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు అతని సమయమంతా దానికే పోతుంది. అతని కోపం అకారణం కాదు. ఆ వారంలో ఒకరు "సార్, రాలేదు" అని రాసి ఫొటో పంపారు. ఆ ఫొటోలో మూడింట రెండు వంతులు సీలింగ్ ఫ్యానే ఉంది. ఇంకొకరు "నిన్న వచ్చింది, ఇవాళ రావడం లేదు, నేనేమీ మార్చలేదు" అన్నారు. చూస్తే పదకొండు లైన్లు చెరిపేసి ఉన్నాయి. మరొకాయన ఒక ఫోల్డరులో ఉన్న ఫైలును దిద్దుతూ, వేరే ఫోల్డరులో ఉన్న దాని నకలును బ్రౌజర్లో తెరిచి, మార్పు ఎందుకు కనపడటం లేదని మూడు రోజులు అడిగాడు.

"ఎర్రర్ ఏంటో అక్కడే రాసి ఉంటుంది మాస్టారూ. చదవరు. ఫొటో తీసి నాకు పంపుతారు. నేను చదివి మళ్లీ వాళ్లకే చెప్పాలి. ప్రశ్న ఎలా అడగాలో తొమ్మిది నియమాలు రాసి గ్రూపులో పైన పెట్టాను. ఒక్కరు చూడలేదు. ఇవాళ్టి నుంచి నియమం ప్రకారం లేని ప్రశ్న తీసేస్తాను. మీరు సరేనంటే."

"తీసేస్తావా, తీసేశావా?"

ధనుంజయ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఒకటి తీసేశాను. హైమావతి గారిది. నాలుగోసారి అదే ప్రశ్న."

హైమావతికి ముప్ఫై ఒకటి. పట్నానికి పంతొమ్మిది కిలోమీటర్ల దూరంలో గెడ్డపేట. ఉదయం జీడిపప్పు పరిశ్రమలో గ్రేడింగు పని చేసి, వారానికి మూడు మధ్యాహ్నాలు క్లాసుకు వస్తుంది. చేరి రెండు నెలలయింది. ఈ ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తవాళ్ల చేత ముందే ప్రోగ్రాం రాయించరు. సీనియర్లు రాసిన ఒక పేజీని ఇచ్చి, మామూలు మనుషుల్లా నెల రోజులు వాడమంటారు. ఆ తర్వాతే దాన్ని విప్పి చదవనిస్తారు. హైమావతి బ్యాచికి ఇచ్చింది డయాలసిస్ వంతులు రాసుకునే పేజీ.

ఉద్దానంలో ఇంటింటా ఉన్న కిడ్నీ జబ్బు గురించి వేరే చెప్పనక్కర్లేదు. పట్నంలో ఒక ధర్మసంస్థ నాలుగు మెషిన్లతో నడిపే డయాలసిస్ సెంటరు ఉంది. రోజుకు ఎనిమిది వంతులు. మొన్నటిదాకా కిటికీ దగ్గర పొడవాటి పుస్తకంలో పేర్లు రాసేవారు. ఆ పుస్తకం స్థానంలో ఈ పేజీ వచ్చి ఆరు వారాలు కావస్తోంది. ప్రతి వంతుకూ రెండు రోజుల ముందు సాయంత్రం నాలుగింటికి పేజీ తెరుచుకుంటుంది. ఖాళీ వంతు పచ్చగా, నిండిన వంతు ఎర్రగా కనిపిస్తుంది. రాసింది ధనుంజయ. అతని పని బయటి మనుషులు వాడటం అదే మొదలు.

హైమావతికి అది ఉట్టి అభ్యాసం కాదు. ఆమె మేనమామ దుర్యోధన వారానికి రెండుసార్లు ఆ మెషిన్ల దగ్గర పడుకోవాలి. ఆయన వంతు రాసేది ఆమే, తన ఫోనులో.

మాస్టారు ఆ ప్రశ్నలు చదవమన్నారు. ధనుంజయ ఫోను తిప్పి చదివాడు.

మొదటిది పన్నెండు రోజుల కిందటిది. "వంతు పచ్చగా కనిపిస్తోంది. నొక్కితే నిండిపోయింది అంటోంది. నా తప్పు ఎక్కడ ఉందండి?" దానికి అతని జవాబు: "నెట్ చూసుకోండి."

రెండోది. "నొక్కాక చాలాసేపు ఏమీ రాదు. మళ్లీ నొక్కితే నిండిపోయింది అని వస్తోంది. ఇది నా తప్పేనా?" జవాబు: "ఒకసారే నొక్కండి." ఆ జవాబు కింద పదిహేడు మంది నవ్వే బొమ్మలు పెట్టారు.

మూడోది. "ఒకసారి నొక్కితే అందిందో లేదో నాకు ఎలా తెలుస్తుందండి?" జవాబు: "ముందు బేసిక్స్ చదువుకోండి."

"నాలుగోది?"

"తీసేశాను కదా మాస్టారూ. శుక్రవారం పొద్దున పెట్టారు. స్క్రీన్ ఫొటో లేదు, ఎర్రర్ మెసేజ్ లేదు. పైగా సొంత విషయం."

"గుర్తుందా?"

ఉంది. ఒక్క మాట పోకుండా చెప్పాడు. "నిన్నటి వంతు నిండిపోయింది అని వచ్చింది. మామయ్య వెళ్లలేదు. నా తప్పు ఏంటో దయచేసి చెప్పండి."

మాస్టారు టీ తాగారు. మూత కడిగి ఫ్లాస్కుకు బిగించారు. "రెండున్నరకి గెడ్డపేట బస్సు ఉంది. భోంచేసి రా," అన్నారు.

బస్సులో ధనుంజయ మళ్లీ మొదలుపెట్టాడు. "ఆ పేజీ నేను కనీసం రెండు వందలసార్లు నొక్కి చూశాను మాస్టారూ. మీరూ చూశారు. ఒక్కసారి తప్పు రాలేదు."

"చూశాను," అన్నారు మాస్టారు. "ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని చూశాం."

ఆ బల్ల మీద కంప్యూటర్లోనే పేజీ ఉంటుంది. అడిగేదీ అదే కంప్యూటరు, జవాబు చెప్పేదీ అదే. వేలు బటన్ మీంచి లేవకముందే జవాబు వచ్చేస్తుంది.

మూడు గంటల ముప్ఫై అయిదు నిమిషాలకు గెడ్డపేటలో దిగారు. హైమావతి ఇంటి ముందు జీడిపిక్కలు ఎండబోసే సిమెంటు కళ్లం ఉంది. కళ్లానికి ఈశాన్యం మూల ఒక ఇటుక నిలబెట్టి ఉంది. ఆ వీధిలో సిగ్నల్ అందేది ఆ ఇటుక దగ్గరే. వీధివాళ్లు దాన్ని టవరు అంటారు. ఇంటి అరుగు మీద దుర్యోధన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పాదాలు స్టూలు మీద పెట్టుకుని ఉన్నాడు. పాదాల వాపు దూరానికే తెలుస్తోంది.

"మీరొచ్చారేటి మాస్టారూ," అంది హైమావతి. ఆమె చూపు ధనుంజయ మీద ఒక్క క్షణమే ఆగింది. "మామయ్యా, మా మాస్టారు. ఈయన ధనుంజయ గారు. ఆ పేజీ రాసింది ఈయనే."

"అవునేటి," అన్నాడు దుర్యోధన. "కూకో బాబూ. పుస్తకం ఉన్నప్పుడు కిటికీ కాడోడు నానా తిట్లూ తిట్టేవోడు. తిట్టుకుంటానే రాసేవోడు. నీ పేజీ తిట్టదు. ఉలకదు, పలకదు."

ధనుంజయ కూర్చోలేదు.

"బుధవారం వంతు ఇంకాసేపట్లో తెరుచుకుంటుంది కదమ్మా," అన్నారు మాస్టారు. "ఇవాళ ధనుంజయ రాస్తాడు. నీ ఫోను ఇవ్వు."

హైమావతి ఇవ్వలేదు. "గురువారం పోయింది మాస్టారూ. శుక్రవారం రాత్రంతా ఆయన పడుకోలేదు, పడుకుంటే ఊపిరి అందదు, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. శనివారం నేను తెల్లారకుండా వెళ్లి కిటికీ కింద కూర్చుంటే ఎవరో రాలేదని ఇచ్చారు. బుధవారం కూడా పోతే నేనింకెక్కడ కూర్చోవాలి?"

"పోతే ఆ రోజు కిటికీ కింద నేను కూర్చుంటాను," అన్నారు మాస్టారు.

ఆమె ఫోను ధనుంజయ చేతికి ఇచ్చింది. అతను ఇటుక దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. నాలుగైంది. పేజీ తెరుచుకుంది. ఎనిమిది గళ్లూ పచ్చగా ఉన్నాయి. ఉదయం ఏడు గంటలు, మూడో మెషిను అన్న గడి ఎంచుకుని బటన్ నొక్కాడు.

ఏమీ కాలేదు. గడి పచ్చగానే ఉంది. బటన్ బటన్‌లాగే ఉంది. అతను ఫోను కొంచెం పైకెత్తాడు. ఇటుక చుట్టూ ఒక అడుగు జరిగి, మళ్లీ వెనక్కి వచ్చాడు. పక్కింటి గోడ మీంచి ఒకావిడ "అయ్యిందేటి?" అని కేక వేసింది. "ఆగండమ్మా," అన్నాడు. ఎదురుగా ఎనిమిది పచ్చ గళ్లు. వాటి కోసం ఎన్ని ఊళ్లలో ఎన్ని వేళ్లు కాచుకుని ఉన్నాయో అతనికి తెలుసు. ఎవరూ చెప్పకుండానే అతని బొటనవేలు మళ్లీ బటన్ మీద పడింది.

ఈసారి జవాబు వచ్చింది. "క్షమించండి. ఈ వంతు నిండిపోయింది." ఆ వాక్యం అతను రాసిందే. దాని వెనక మిగతా ఏడు గళ్లూ అప్పటికే ఎర్రబడ్డాయి.

"ఎన్నిసార్లు నొక్కావు?" అని అడిగారు మాస్టారు.

ధనుంజయ ఫోను హైమావతికి తిరిగిచ్చాడు. హైమావతి చెప్పింది. "రెండుసార్లండి. బేసిక్స్ చదువుకోలేదనుకుంటాను."

దుర్యోధన ఒక్కడే నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆయాసం వచ్చి ఆగిపోయింది.

"ఎవరు తీసుకున్నారో చూడాలి," అన్నాడు ధనుంజయ. అక్కడి నుంచే ఇన్‌స్టిట్యూట్‌కు ఫోన్ చేసి, రికార్డు తెరవమని ఒక విద్యార్థికి చెప్పాడు. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"బుధవారం, ఏడు గంటలు, మూడో మెషిను. ఎవరి పేరుంది?"

"దుర్యోధన, గెడ్డపేట. నాలుగు గంటల పద్నాలుగు సెకన్లకి ఎక్కిందన్నా."

"సరిగ్గా చూడరా."

"సరిగ్గానే చూశాను. మళ్లీ నలభై ఏడో సెకనుకి అదే ఫోను నుంచి అదే వంతు అడిగారు. నిండిపోయిందని తిప్పి పంపింది."

మొదటి నొక్కు అందింది. వంతు రాసుకుంది. రాసుకున్నానన్న జవాబు దారిలో పోయింది. రెండో నొక్కు వచ్చినప్పుడు వంతు నిండి ఉందా అని మాత్రమే ప్రోగ్రాం చూసింది. ఎవరితో నిండి ఉందో చూడలేదు. వంతు ఎవరిదో వాళ్లకే, అది వేరెవరిదో అయినట్టు చెప్పింది.

"గురువారానిది చూడమనండి," అంది హైమావతి.

గురువారం పదకొండు గంటలు, రెండో మెషిను. దుర్యోధన, గెడ్డపేట. పేరు పక్కన డయాలసిస్ సెంటరు వాళ్లు పెట్టిన గుర్తు కూడా ఉంది: "రాలేదు."

"నేను రాలేదని రాసినారా?" అన్నాడు దుర్యోధన. గొంతు పెంచలేదు. "ఆవేళ చొక్కా తొడుక్కుని కూకున్నాను బాబూ. ఎవరికైనా కుదరకపోతే పిలుస్తారేమోనని, సాయంత్రం దాకా విప్పలేదు."

హైమావతి కళ్లం గట్టు మీద కూర్చుంది. ధనుంజయతో మాట్లాడింది. ఏడవలేదు. "పన్నెండు రోజులు నా తప్పు చెప్పమని అడిగానండి మిమ్మల్ని. మీ ప్రోగ్రాం మొత్తం చేత్తో రెండుసార్లు రాసుకున్నాను, నా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. నాకు చదవడం రావట్లేదనుకున్నాను. నాలాంటిదానికి ఈ చదువెందుకని శనివారం కిటికీ కింద కూర్చుని అనుకున్నాను."

"పొరపాటు అయిందండీ," అన్నాడు ధనుంజయ.

"ప్రోగ్రాంలో పొరపాటు ఎవరికైనా అవుతుంది. అది కాదు నేననేది. అడిగితే నలుగురిచేత నవ్వించారు. ఆ బొమ్మలు పదిహేడు. లెక్కపెట్టాను."

అయిదుంబావు బస్సుకు ఇద్దరూ వెనక్కి వచ్చారు. ఏడున్నరకల్లా ధనుంజయ పేజీని సరిచేశాడు. నొక్కిన వెంటనే బటన్ మసకబారి "పంపుతున్నాం, ఆగండి" అంటుంది. అదే మనిషి మళ్లీ అడిగితే "ఈ వంతు మీ పేరు మీదే ఉంది" అంటుంది. మొత్తం తొమ్మిది లైన్లు. గ్రూపులో అతను రాసి పెట్టిన నియమాలు కూడా తొమ్మిదే. వాటిని ఆ సాయంత్రమే తీసేశాడు. వాటి స్థానంలో హైమావతి నాలుగో ప్రశ్నను ఆమె మాటల్లోనే మళ్లీ పెట్టి, కింద ఒక్క వాక్యం రాశాడు. "మీ తప్పు లేదు, తప్పు నాది." ఈసారి ఎవరూ బొమ్మలు పెట్టలేదు.

బుధవారం ఏడు గంటలకు దుర్యోధన మూడో మెషిను దగ్గర పడుకున్నాడు. హైమావతి ఆ మధ్యాహ్నం క్లాసుకు వచ్చింది. ఆమె కూర్చునే చోటు మారలేదు. ధనుంజయ అడిగితే మాట్లాడింది, అడగకపోతే లేదు.

అంతటితో అయిపోయిందని ధనుంజయ అనుకున్నాడు. మాస్టారు అనుకోలేదు. "సెంటర్లో నర్సు గారి రిజిస్టరు ఒకసారి చూసి రా," అని మాత్రం అన్నారు. డయాలసిస్ సెంటరులో వంతుల పేర్లు ఏ రోజుకారోజు ఉదయం అచ్చు తీస్తారు. అంతకుముందు ఎవరైనా ఫోన్ చేసి అడిగితే, తెరమీది ఎరుపు చూసి నిండిపోయిందనే చెబుతారు. అచ్చులో పేరుండి మనిషి రాకపోతే నర్సు పేరు పక్కన గుర్తు పెడుతుంది. ఇందులో ఎవరి తప్పూ కనపడదు. అందుకే ఎవరూ అడగలేదు.

గెడ్డపేట వెళ్లొచ్చిన ఎనిమిదో రోజున, మంగళవారం ఉదయం, ధనుంజయ రెండు కాగితాలతో వచ్చాడు. ఒకటి నర్సు రిజిస్టరు నకలు, రెండోది తన రికార్డు. మాస్టారు అప్పుడే ఫ్లాస్కు తెరుస్తున్నారు. ధనుంజయ నిలబడే చదివాడు. పేజీ మొదలైన నాటి నుంచి సరిచేసిన నాటి దాకా నలభై ఒక్క రోజులు. ఆ రోజుల్లో "రాలేదు" అన్న గుర్తులు యాభై ఎనిమిది. వాటిలో ఇరవై మూడింటికి, వంతు రాసుకున్న నిమిషంలోపే అదే ఫోను నుంచి రెండో నొక్కు ఉంది. ఇరవై ముగ్గురు. ఇరవై మూడుసార్లు మెషిను ఖాళీగా ఉంది, వంతు గల మనిషి ఇంటి దగ్గర ఉన్నారు.

"వీళ్లలో ఇరవై ఇద్దరు తర్వాతి వంతుకి వచ్చారు మాస్టారూ."

కాగితం మడత పెట్టాడు. మళ్లీ విప్పాడు.

ఇరవై మూడో పేరు యాభై రెండేళ్ల స్త్రీది. పేరు పక్కన "రాలేదు" అని రాసిన మూడో రోజున ఆమె చనిపోయింది. ఆ వంతు దొరికి ఉంటే బతికేదా అని ధనుంజయ నర్సును అడిగాడు. ఈ జబ్బులో అలా చెప్పలేమని ఆవిడ అంది. ఆమె ఫోను నుంచి రెండు నొక్కులు కాదు, ఆరు ఉన్నాయి.

"ఆవిడ పోయింది మన వల్లేనా మాస్టారూ?"

మాస్టారు టీ వంపలేదు. ఫ్లాస్కుకు మూత బిగించారు.

"ఆవిడ పోయింది మన వల్లేనా," అన్నారు.